మూత పడని తీగ

"ఈ బటన్ మీద రక్తం లేదు," అన్నాడు మా బావ.

"మిషన్ మీద ఉంది, నేల మీద ఉంది, గోడ మీద ఉంది. ఇంకెక్కడ కావాలయ్యా నీకు, నా చొక్కా మీదా?" ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. "నాలుగింటికి వీణ్ణి కోర్టులో నిలబెట్టాలి. తొందరగా కానివ్వు."

వీడు అన్నది షెడ్డు మూల బేడీలతో నిలబడ్డ ముప్పై ఏళ్ళ మనిషిని. మూడు రోజులుగా నిద్ర లేక అతని కళ్ళు రెండు టమాటాల్లా ఉన్నాయి. గుమ్మంలో అతని వదిన ఫోన్ గుప్పిట్లో బిగించి నిలబడింది. ఆ ఫోన్ ఆస్పత్రి నుంచి మోగుతుందేమోనని భయం, మోగదేమోనని అంతకన్నా భయం.

మా బావ డిటెక్టివ్. ఆయన చూపు ఎలాంటిదంటే, కూరలో వెంట్రుక పడితే పడబోయే ముందురోజే కనిపెట్టేస్తాడు. మా అక్క ఆయనకు వడ్డించడం మానేసి పదేళ్ళయింది. నేను ఆయన బావమరిదిని, కారు డ్రైవర్ని. నా కారు పరుగందుకుంటే దాని నీడ మర్నాడు సాయంత్రానికి గానీ ఇల్లు చేరదు. అంతటివాణ్ణి కూడా ఆ షెడ్డులో అడుగు పెట్టగానే నోరు మూసుకున్నాను.

సంగతి ఇదీ. ఫోటో ఫ్రేముల షాపు నడిపే అన్న, అతని తమ్ముడు కలిసి సరదాకి ఒక మిషన్ కట్టుకున్నారు. కంప్యూటర్‌లో బొమ్మ గీసి బటన్ నొక్కితే, పైన వేలాడే మోటారు తనంతట తాను అటూ ఇటూ కదులుతూ ఆ బొమ్మను చెక్క మీద చెక్కేస్తుంది. ఆ మోటారును స్పిండిల్ అంటారు. దాని మూతికి చిటికెన వేలంత బ్లేడు. నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. మా బావ తిట్టినప్పుడు నా తల కూడా అంత తిరగదు.

మొన్న మధ్యాహ్నం తమ్ముడు భోజనానికి ఇంట్లోకి వెళ్ళాడు. అన్న ఒక్కడే ఉండి బ్లేడు మారుస్తున్నాడు. స్పిండిల్ దానంతటదే తిరిగింది. కుడిచెయ్యి అందులో పడింది. వెనక్కి పడి తల సిమెంటు నేలకు కొట్టుకుంది. అప్పట్నుంచి స్పృహ లేదు. ఏదైనా జరిగితే మిషన్ ఆపడానికి పెట్టిన పెద్ద ఎర్ర బటన్ నొక్కే ఉంది. మిషన్ మాత్రం ఆగలేదు. కంట్రోల్ పెట్టెలో ఆ బటన్ తాలూకు రెండు తీగలను ఎవరో ఒక ముక్క వైరుతో కలిపేశారు. అలా కలిపితే బటన్ నొక్కినా నొక్కనట్టే. పెట్టెలో వైరింగంతా చేసింది తమ్ముడు. అందుకే బేడీలు.

"ఎర్ర బటన్ మీద ఎర్ర రక్తం నీకెలా కనిపిస్తుందయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బావ తెల్ల జేబురుమాలు తడిపి బటన్‌ను అంచులతో సహా తుడిచాడు. చెక్కపొడి వచ్చింది. ఎర్రటి చార ఒక్కటి కూడా రాలేదు.

"ఎడమ చేత్తో నొక్కుంటాడు."

"తెగిన చెయ్యిని మొదట పట్టుకునేది రెండో చెయ్యే కదండీ. అదిగో, నేల మీద ఎడమ అరచెయ్యి ముద్ర. అదీ రక్తమే." బావ తమ్ముడి వైపు తిరిగాడు. "ఏం బాబూ, మీ అన్నయ్య బ్లేడు మార్చేముందు ఏం చేస్తాడు?"

తమ్ముడు బేడీల చేతులతో బటన్ చూపించాడు. "ముందు ఎర్ర బటన్ నొక్కుతాడండీ. నొక్కి, స్పిండిల్‌ని రెండు సార్లు తడతాడు. పడుకున్నావా అమ్మా అంటాడు. అప్పుడు గానీ చెయ్యి పెట్టడు."

గుమ్మంలోంచి వదిన అందుకుంది. "అవును. నన్నెప్పుడూ అంత మెల్లగా లేపలేదు, దాన్ని మాత్రం జోకొడతారు." నవ్వబోయి ఆపుకుంది.

"అంటే ఆయన బటన్ నొక్కింది దెబ్బ తగిలాక కాదు, ముందు," అన్నాడు బావ. "మిషన్ పడుకుందనే నమ్మకంతో చెయ్యి పెట్టాడు. ఆ అలవాటు తెలిసినవాడే ఆ బటన్‌ని చంపి పెట్టాడు."

"చూశావా, నా నోట్లో మాటే అన్నావు. అలవాటు తెలిసినవాడు ఎవడు? వీడే." ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఊపాడు. లోపల వేలెడంత నల్ల వైరు ముక్క. "నిన్న స్టేషన్‌లో వీడే ఒప్పుకున్నాడు. ఇలాంటి ముక్కలు పెట్టడం తనకి అలవాటేనట. జంపర్లట!"

బావ తమ్ముడికి దగ్గరగా ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "జంపర్లు ఎందుకు పెట్టేవాడివి?"

"మిషన్ ఊరికే ఆగిపోయేదండీ. చెక్కుతూ చెక్కుతూ మధ్యలో ఠక్కున ఆగి, అంచు తగిలింది అనేది. అంచు మూరెడు దూరంలో ఉండేది. అన్నయ్య జుట్టు పీక్కునేవాడు. అది నాయిస్ అండీ. స్పిండిల్‌కి వెళ్ళే లావు వైరు, అంచుల దగ్గరా బటన్ల దగ్గరా ఉండే స్విచ్చుల సన్న వైర్లు ఒకే గొట్టంలో వేశాను. నాదే తప్పు. లావు వైరు కేకలేస్తుంటే పక్కనున్న సన్న వైరు ఉలిక్కిపడి, ఎవరో నన్ను పిలిచారు అని బాక్సుకి చెప్పేసేది. ఏ స్విచ్చు వైరు ఉలిక్కిపడుతోందో కనిపెట్టాలంటే ఒక్కోదాన్నీ జంపరుతో కాసేపు పక్కన పెట్టాలి. దేన్ని పక్కన పెడితే రోగం పోతుందో అదే దొంగ."

"నీ ఉద్యోగమే బావా," అన్నాను ఉండబట్టలేక.

"పక్కన పెట్టినదాన్ని మళ్ళీ కలపడం మర్చిపోతే?" అడిగాడు బావ.

"మర్చిపోవడం కుదరదండీ!" తమ్ముడు మొదటిసారి తలెత్తాడు. "ఆ సొరుగు తియ్యండి."

తీశాను. జెమిని సర్కస్ గుడారం కట్టడానికి సరిపోయేంత పసుపు తీగలు. ఒక్కోటీ మూరెడు పొడుగు, మొండి రాగితీగ. వంచితే వంగదు, వంగితే లేవదు. నేను ఒకటి వంచబోయి బొటనవేలి గోరు సగం పోగొట్టుకున్నాను.

"జంపరు పెడితే ఇవే పెట్టాలని మా రూలు. ఒక్కటి లోపలున్నా బాక్సు మూత పడదు, తీగ బయటికి పొడుచుకొస్తుంది. మూత పడకపోతే నేను భోజనానికి రాకూడదు. వదిన గుమ్మంలోనే అడుగుతుంది."

"మూత పడిందా అని," అంది వదిన. "ఆ రోజూ అడిగాను. పడింది వదినా అన్నాడు. కిటికీలోంచి చూశాను కూడా. మూత వేసే ఉంది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, అరుపు వినిపించింది."

బావ కవరులోని నల్ల ముక్కను వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇది వేలెడే ఉంది. మెత్తది. దీనిమీద మూత హాయిగా పడుతుంది. ఇది ఈ ఇంటి జంపరు కాదు ఇన్‌స్పెక్టర్ గారూ."

ఇన్‌స్పెక్టర్ మొహం విప్పారింది. బేరం కుదిరిన పశువుల వ్యాపారి కూడా అలా నవ్వడు. "శభాష్. ఇప్పటిదాకా నేను అజాగ్రత్త కేసనుకున్నాను. మూత పడని తీగలు సొరుగు నిండా ఉండగా మూత పడే తీగ వెతికి పెట్టాడంటే, మర్చిపోలేదు. కావాలనే దాచాడు. హత్యాయత్నం. కేసు పెద్దది చేసి పెట్టావయ్యా, థాంక్స్!"

వదిన గోడ పట్టుకుంది. "వాణ్ణి విడిపిస్తారని మిమ్మల్ని పిలిపించుకున్నానండీ," అంది బావతో. ఆ మాట మెల్లగానే అంది. అరిచినా బాగుండేది. "నేను కాపురానికొచ్చేనాటికి వాడికి ఎనిమిదేళ్ళు. నా చేత్తో అన్నం పెట్టి పెంచాను."

బావ నుదుటి మీద చెమట పట్టింది. ఆయనకు చెమట పట్టగా నేను చూడటం అది రెండోసారి. మొదటిసారి మా అక్క పెళ్ళిచూపుల్లో.

"ఇన్‌స్పెక్టర్ గారూ, బటన్ చచ్చిపోతే మిషన్ ఆగదు. ఒప్పుకున్నాను. కానీ మొదలెట్టింది ఎవరు? తమ్ముడు కంచం ముందున్నాడు. స్పిండిల్‌ని తిప్పిన చెయ్యి ఎవరిది?"

"ఏదో నాయిస్ అంటున్నాడుగా. అదే తిప్పుంటుంది."

"లేదు సార్, అది బాగుచేసేశాను," అన్నాడు తమ్ముడు. "లావు వైరు ఆ గోడకి, సన్న వైర్లు ఈ గోడకి మార్చాను. సన్న వైర్లన్నిటికీ షీల్డు వైరు వేశాను. అంటే వైరు చుట్టూ అల్లిన తొడుగుంటుంది. బయటి కేకలన్నీ ఆ తొడుగు పట్టుకుని భూమిలోకి పంపించేస్తుంది. తొడుగుని ఒక్క చివరే ఎర్త్ చెయ్యాలి, బాక్సులో. అలాగే చేశాను. రెండు వారాలుగా మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు."

బావ లేచి కంట్రోల్ పెట్టె మూత తీశాడు. అడుగున పచ్చ స్క్రూలు, ఒక్కోదాని కింద ఒక్కో ఎర్త్ తీగ. అన్నీ బిగించి ఉన్నాయి. బావ చూసి ఊరుకునే రకం కాదు. ఒక్కోదాన్నీ రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. మొదటిది కదల్లేదు. రెండోది కదల్లేదు. చివరిది వెంట్రుకలా చేతిలోకి ఊడొచ్చింది. స్క్రూ కింద ఒక అంగుళం ముక్క అలాగే మిగిలింది. నల్ల గొట్టం లోపల, పైకి కనిపించకుండా, ఎవరో దాన్ని కత్తిరించి మళ్ళీ గొట్టం సర్ది పెట్టారు.

"ఇది ఏ వైరుది?"

తమ్ముడి మొహంలో రక్తం దిగిపోయింది. "స్పిండిల్ స్టార్ట్ బటన్‌దండీ. అది నేను కొయ్యలేదు. అది తెగితే... అది తెగితే బయట ఏ కేక వేసినా స్టార్ట్ నొక్కారనుకుంటుంది!"

"ఇదివరకు ఎప్పుడైనా అలా అనుకుందా?"

"ఒకసారి. షీల్డు వెయ్యకముందు. పక్క షాపులో మేస్త్రి గారు కొత్త వెల్డింగ్ మిషన్ తెచ్చిన రోజు. ఆయన అక్కడ టార్చి, అంటే వెల్డింగ్ పిడి మీది బటన్ నొక్కగానే ఇక్కడ స్పిండిల్ గిర్రున తిరిగింది. ఆ మిషన్ నిప్పు పుట్టించే ముందు గాలిలోకే కరెంటు కేకలేస్తుందండీ. మేం బెదిరిపోయి ఆయన్ని పిలిచి చూపించాం. ఇంకో నాలుగు సార్లు నొక్కి చూశారు. అందరం పడీ పడీ నవ్వుకున్నాం."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

"ఆ మేస్త్రే కదా అరుపు విని మొదట పరిగెత్తుకొచ్చింది?" అన్నాడు బావ.

"ఆయనే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మెయిన్ ఆపింది కూడా ఆయనే. ఆయన్ని లాగకు. ఆ టైములో షాపు కట్టేసి సందు చివర టీ తాగుతున్నాడు. వాంగ్మూలం ఉంది."

"టీ కొట్టువాణ్ణి అడిగారా?"

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వాచీ చూసుకున్నాడు. ఆ వాచీకి నోరుంటే ఏడ్చేది.

"మేస్త్రి అన్నయ్యా?" వదిన నమ్మలేనట్టు చూసింది. "ఆయన మాకు సొంత మనిషండీ. ఆయన షాపు స్థలం మాదే. వచ్చే నెల ఖాళీ చెయ్యమని మా ఆయన అడిగారు, పెద్ద మిషన్ పెట్టుకుందామని. పన్నెండేళ్ళ నుంచి ఉన్న మనిషి, అయినా పల్లెత్తు మాట అనలేదు. మా తాళాలు, ఆయన తాళాలు ఇప్పటికీ మా వంటింట్లో ఒక్క మేకుకే ఉంటాయి."

"ఆ తాళం చెవి ఒకసారి ఇవ్వండమ్మా," అన్నాడు బావ.

వెల్డింగ్ షాపుకూ షెడ్డుకూ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ, దాన్ని మోసే ఒక్క ఇనప స్తంభం. రెంటికీ అదే స్తంభం. షాపు లోపలికి నన్ను కూడా తీసుకెళ్ళాడు బావ. ఎక్కడా ఏమీ ముట్టుకోలేదు. నేరుగా ఆ స్తంభం దగ్గరికెళ్ళి వంగాడు. తుప్పు పట్టిన స్తంభం మీద మోకాలెత్తున రెండు వరసల పంటిగాట్లు తళతళ మెరుస్తున్నాయి.

వెల్డింగ్ మిషన్‌కు ఎర్త్ వైరు ఉంటుంది, చివర పళ్ళున్న పెద్ద క్లాంపు. దాన్ని పని చేసే బల్లకు పట్టించాలి. బల్ల అంచున పాత గాట్లు వందలున్నాయి. స్తంభం మీద ఒక్కటే, కొత్తది.

"కేకని నేరుగా పక్కింట్లోకి పంపించాడు," అన్నాడు బావ. క్లాంపు తీసి సరిగ్గా ఆ గాట్లలోనే పట్టించాడు. మిషన్ ఆన్ చేసి టార్చి నా చేతిలో పెట్టాడు. "నేను అటు వెళ్ళి మిషన్ ఆన్ చేస్తాను. ఎర్ర బటన్ పైకి లాగి ఉంచుతాను. నేను తలమీది ఈ టోపీ తియ్యగానే ఈ టార్చి బటన్ నొక్కు. దేనికీ తాకించక్కర్లేదు."

"నువ్వు టోపీ తీసింది నాకెలా కనిపిస్తుంది బావా? మధ్యలో గోడుంది."

బావ రేకు మీద కంటి ఎత్తున వేలాడుతున్న పాత గుడ్డ తొలగించాడు. వెనక మేకు రంధ్రం. దాని అంచులు అరిగి నున్నగా ఉన్నాయి.

కన్ను పెట్టాను. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, స్పిండిల్. అంతకన్నా బాగా ఏ సినిమా హాల్లోనూ నాకు సీటు దొరకలేదు.

బావ షెడ్డులో ప్రత్యక్షమయ్యాడు. స్విచ్చులు వేశాడు. ఎర్ర బటన్ పైకి లాగాడు. చిన్న పచ్చ దీపం వెలిగింది. స్పిండిల్ కదల్లేదు.

"డ్రిల్లు ఆన్ చెయ్యి," అన్నాడు తమ్ముడితో. అతను బేడీల చేతులతోనే డ్రిల్లు తిప్పాడు. ఏమీ కాలేదు. నీళ్ళ మోటారు వేయించాడు. ఏమీ కాలేదు.

ఇన్‌స్పెక్టర్ నవ్వుతూ ముందుకొచ్చాడు. "ఏదయ్యా నీ దెయ్యం? ఇదేనా మనుషుల్ని కరిచేది?" అంటూ జేబులోంచి పెన్ను తీసి బ్లేడుకు ఆనేలా కింది చెక్కలో గుచ్చాడు. అంతటితో ఊరుకోలేదు. వేలితో బ్లేడును తిప్పి చూస్తున్నాడు. "పాలుతాగే పిల్లలా ఉంది."

బావ చెయ్యి టోపీ దగ్గర ఆగిపోయింది.

నా వేలు టార్చి బటన్ మీద ఉంది. కన్ను రంధ్రంలో ఉంది. ఇన్‌స్పెక్టర్ చూపుడు వేలు బ్లేడు మీద ఉంది. మొన్న మధ్యాహ్నం ఒకడు సరిగ్గా ఇక్కడే, ఇలాగే నిలబడ్డాడు. పన్నెండేళ్ళుగా తెలిసిన చెయ్యి అక్కడికి వచ్చేదాకా ఆగాడు. వచ్చాక నొక్కాడు. నాకు చెమటలు కారిపోతున్నాయి. వేలు జారుతుందేమోనని ఊపిరి కూడా పీల్చలేదు. నా జీవితంలో నేను మాట్లాడకుండా ఉన్న అతి పెద్ద సమయం అది.

"చెయ్యి తియ్యండి," అన్నాడు బావ.

"ఏం, భయమా?"

"తియ్యండి సార్!" తమ్ముడు అరిచాడు. షెడ్డు రేకులు అదిరాయి.

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బావ ఆయన్ని రెండడుగులు వెనక్కి జరిపి టోపీ తీశాడు. నొక్కాను.

టార్చి చివర నీలి మెరుపు చిటచిటలాడింది. గోడకు అవతల స్పిండిల్ కెవ్వుమంది. పెన్ను రెండు ముక్కలై, ఒకటి ఇన్‌స్పెక్టర్ చెవి పక్కనుంచి దూసుకెళ్ళి నేను చూస్తున్న రంధ్రానికి జానెడు పక్కన రేకులో దిగింది. తమ్ముడు బేడీల చేతులు రెండూ ఎత్తి ఎర్ర బటన్ మీద గుద్దాడు. ఈసారి దానికి జంపరు లేదు. స్పిండిల్ మూలుగుతూ ఆగింది.

నేను పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ తన చూపుడు వేలును ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు. దానికి ఏమీ కాలేదు. అయినా వదల్లేదు. ఆయన మొహం మా ఇంటి సున్నం కన్నా తెల్లగా ఉంది.

"నా పక్కనే ఉన్నాడు," అన్నాడు తమ్ముణ్ణి చూస్తూ. "వీడు నా పక్కనే ఉన్నాడు."

"ఆ రోజు కంచం ముందున్నాడు," అన్నాడు బావ. "షాపు కట్టేసి టీ తాగుతున్నవాడి మిషన్ మాత్రం పనిచేసింది. మేకు మీది తాళం తీసుకుని, వీళ్ళు నిద్రపోయేటప్పుడు వచ్చి రెండు పనులు చేసుకున్నాడు. బటన్‌ని చంపాడు, తొడుగు ఎర్త్ తీగ కోశాడు. మూత పడని తీగల రూలు అతనికి తెలియదు. తెలిసుంటే పసుపు తీగనే ముక్క కోసి పెట్టేవాడు, ఇవాళ మన దగ్గర ఏమీ ఉండేది కాదు. దెబ్బ తగిలాక క్లాంపు తీసేసి, అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చాడు."

ఇన్‌స్పెక్టర్ జేబు తడుముకుని తాళం చెవి తీసి తమ్ముడి బేడీలు విప్పాడు. తమ్ముడు మణికట్లు రుద్దుకోలేదు. వదిన దగ్గరికీ వెళ్ళలేదు. వదిన మొహం చూసి అక్కడే ఆగిపోయాడు.

ఆమె గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

"అమ్మా, మేస్త్రి ఇప్పుడెక్కడున్నాడు?" బావ గొంతు మారింది.

"ఆస్పత్రిలో." ఆమె చేతిలోని ఫోను వైపు చూసింది. "మా ఆయన దగ్గరే. మూడు రోజులుగా కదల్లేదు పాపం అనుకున్నాను. నువ్వు వెళ్ళిరా చెల్లెమ్మా, నేను చూసుకుంటాను అంటేనే నేనిలా వచ్చాను."

"గది బయట కానిస్టేబుల్?"

ఇన్‌స్పెక్టర్ తల దించుకున్నాడు. "కేసు తేలిపోయిందని నిన్ననే వెనక్కి పిలిపించాను."

అప్పుడు మోగింది ఫోను, ఆమె గుప్పిట్లో. తెర మీద ఒకటే మాట: మేస్త్రి అన్నయ్య.

బావ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మాట్లాడండి అన్నట్టు తలూపి, స్పీకరు నొక్కాడు.

"చెల్లెమ్మా, మంచి కబురు!" ఎంత చల్లటి గొంతో. "వాడు కళ్ళు తెరిచాడమ్మా. నన్ను గుర్తుపట్టాడు. ఏదో చెప్పాలని చూస్తున్నాడు గానీ నోరు తిరగట్లేదు. నర్సు భోజనానికెళ్ళింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు, ముందు నీకే చేశాను. కంగారేం లేదు, తీరిగ్గా రా."

వదిన కళ్ళు మూసుకుంది. తెరిచింది. ఆ రెంటి మధ్య ఆమె ఎక్కడికెళ్ళి వచ్చిందో గానీ, వచ్చిన గొంతులో వణుకు లేదు.

"చల్లటి మాట చెప్పావు అన్నయ్యా," అంది. "ఫోను పెట్టెయ్యకు. ఆయన చెవి దగ్గర పెట్టు, నేను మాట్లాడతాను. ఆయన నా గొంతు వినాలి. పెట్టెయ్యకు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత, స్పష్టంగా, తలుపు గడియ పడిన చప్పుడు.

ఇన్‌స్పెక్టర్ ఆస్పత్రికి ఇంకో ఫోను కలుపుతూనే వీధిలోకి పరిగెత్తాడు. అక్కడ ఎవరూ ఎత్తడం లేదు. తమ్ముడు వదినను ఎత్తుకున్నట్టే నడిపించి నా కారు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ఆమె ఫోనులోకి మాట్లాడుతూనే ఉంది, పెళ్ళినాటి సంగతులు, పాలు పొంగిన సంగతులు, ఏది తోస్తే అది, ఊపిరి తీసుకోకుండా.

బావ నా పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాడు. నా వైపు చూశాడు.

తాళం తిప్పాను. ఈ కారు గురించి ఇన్నేళ్ళుగా నేను కోసిన కోతలన్నీ ఇవాళ ఒక్కరోజుకి నిజం కావాలి.